గుంత ఎవరి పేరున నమోదు చేయాలి?

పెద్ద రోడ్ల నిర్మాణానికి ఏ కాంట్రాక్టు పద్ధతి మేలు అన్న విషయాన్ని ఇంజనీర్లు, ఆర్థికవేత్తలు, కమిటీలు ఇంతకాలం అనవసరమైన కోణం నుంచి పరిశీలించారని సవినయంగా మనవి చేస్తున్నాను. ఖర్చెంత, గడువెంత, నష్టం వస్తే భరించేదెవరు అని వారు పట్టికలు గీస్తారు. పాలనాపరంగా తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే. రేపు రోడ్డు మీద గుంత పడితే అది ఎవరి పేరున నమోదవుతుంది? ఈ కొలబద్దతో చూసినవారికి మన రహదారుల విధానం ఒక మహత్తర పరిణామ క్రమంగా కనిపిస్తుంది.

ఐటం రేటు పద్ధతి అమాయకుల కాలం నాటిది. డిజైను సర్కారుది, ఎస్టిమేటు సర్కారుది. కాంట్రాక్టరు ఎస్టిమేటు కంటే తక్కువకు, అంటే లెస్‌కు టెండరు వేసి, వేసిన కంకరనూ పోసిన తారునూ కొలతల పుస్తకమైన ఎం.బుక్కులో రాయించుకుని బిల్లు తీసుకునేవాడు. గుంత పడగానే డిజైనే తప్పని కాంట్రాక్టరు, పనే తప్పని ఇంజనీరు అనేవారు. గుంత అనాథగా మిగిలేది. దానికో తండ్రిని చూపించడానికి ఈపీసీ (ఇంజనీరింగ్, ప్రొక్యూర్‌మెంట్, కన్‌స్ట్రక్షన్) వచ్చింది. డిజైను, సామగ్రి, నిర్మాణం అన్నీ ఒకరికే అప్పగించి, మొత్తానికి ఒకే ధర కడతారు. లోపాల బాధ్యత కొన్నేళ్లపాటు ఆయనదే. ఆ గడువు ముగిసిన మర్నాడు గుంతకు మైనారిటీ తీరుతుంది, ఇక దాని బతుకు దానిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వారికి ఈ మూడక్షరాలు జలయజ్ఞం అనే సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమంలో, కాలువల గట్ల మీదే బాగా పరిచయం. మొత్తానికి ఒకే ధర కట్టాక లోపల పని ఎంతుందని అడగడం మర్యాద కాదని మనం నేర్చుకున్నది అక్కడే.

సాహిత్య గుణం దండిగా ఉన్నది మాత్రం బీవోటీ (బిల్డ్, ఆపరేట్, ట్రాన్స్‌ఫర్). సొంత డబ్బుతో కట్టు, టోలు వసూలు చేసుకో, గడువు తీరాక అప్పగించు. ఇందులో అసలు ముడిసరుకు కంకర కాదు, జోస్యం. వచ్చే పాతికేళ్లలో ఈ దారిన ఎన్ని లారీలు వెళతాయో కాంట్రాక్టరు ముందే చెప్పాలి. 2011 ప్రాంతంలో ఈ జోస్యం పతాక స్థాయికి చేరింది. రాజస్థాన్, గుజరాత్‌ల మీదుగా పోయే 555 కిలోమీటర్ల కిషన్‌గఢ్–ఉదయ్‌పూర్–అహ్మదాబాద్ రహదారికి మన తెలుగువారి జీఎంఆర్ సంస్థ, రోడ్డు తానే విస్తరించి, పైగా ప్రభుత్వానికే ఏడాదికి ₹636 కోట్లు చెల్లిస్తానంది. అంతటి ఔదార్యం చూసి దేశం చలించిపోయింది. 2013 జనవరి నాటికి సంస్థ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. పడని రోడ్డు మీద గుంత పడదు కనుక, నా కొలబద్ద ప్రకారం ఇది బీవోటీ సాధించిన అత్యుత్తమ ఫలితం.

బీవోటీలోనే వేసిన హైదరాబాద్–విజయవాడ రహదారి కథ ఇంకా లోతైనది. రోడ్డు పడింది, 2012 చివరిలో టోలు మొదలైంది, 2014లో రాష్ట్రం రెండయింది. ఈ విభజన గురించి తెలుగువారు ఆత్మగౌరవం, అన్యాయం, నీళ్లు, నిధులు అంటూ ఎన్నో కోణాల్లో వాదించుకున్నారు. ఇసుక లారీలు తగ్గి టోలు రాబడి పడిపోయిందన్న కోణాన్ని పట్టుకున్నది మాత్రం టోలు వసూలుదారు ఒక్కరే. విభజన అంటే ఒప్పందం పరిభాషలో ‘చట్టంలో మార్పు’, కాబట్టి పరిహారం రావాలని వాదించారు. మధ్యవర్తిత్వంలో ఆ వాదన నెగ్గింది కూడా. చరిత్రకారులు ఈ తీర్పును పట్టించుకోకపోవడం విచారకరం. ఉద్యమాలలో ఇరువైపులా ఉన్నవారెవరికీ దక్కని పరిహార హక్కు ఒక టోలు గేటుకు దక్కింది. 2024లో ఆ రోడ్డు గడువుకు ముందే జాతీయ రహదారుల సంస్థ చేతికి తిరిగి వచ్చింది. గుంతలూ వచ్చాయనుకోవాలి. అప్పగింత పత్రంలో వాటికి ప్రత్యేక పద్దు ఉండదు.

జోస్యాలు బెడిసికొట్టాక, 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గ కమిటీ హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ మోడల్) పద్ధతికి ఆమోదం తెలిపింది. ఖర్చులో 40 శాతం పని జరుగుతుండగానే ప్రభుత్వం ఇస్తుంది. మిగతా 60 శాతం కాంట్రాక్టరు తెచ్చుకుంటే, దానిని 15 ఏళ్లపాటు ఆరు నెలలకోసారి వడ్డీతో సహా తీరుస్తుంది. కట్నంలో కొంత పీటల మీద పెట్టి, మిగిలినది పదిహేనేళ్లపాటు ప్రతి సంక్రాంతికీ దసరాకూ అల్లుడి చేతిలో పెట్టడం లాంటిదిది. లారీలు రాకపోతే ఆ నష్టం మామగారిది, అలిగే హక్కు అల్లుడిది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర రోడ్లనూ ఇదే పద్ధతిలో వేయిస్తానంటోంది. ఈ రోడ్ల వాయిదాలు ఎన్ని ప్రభుత్వాల మెడకు చుట్టుకుంటాయో లెక్కవేయడం అశుభం.

ఇక టీవోటీ (టోల్, ఆపరేట్, ట్రాన్స్‌ఫర్). వేసిన రోడ్డునే టోలు హక్కుతో గుత్తకిచ్చి, డబ్బు ముందే తెచ్చుకోవడం. తొలి విడతలో ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని 9 రహదారి భాగాలను 30 ఏళ్లకు ₹9,681 కోట్లకు ఆస్ట్రేలియా సంస్థ మెక్వారీ 2018లో తీసుకుంది. మన పిల్లలు లక్షలు అప్పుచేసి సిడ్నీ వెళ్లవలసి వస్తోంది. మన గుంత ఉన్నచోటే ఉండి ఆస్ట్రేలియా హోదా సంపాదించింది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డునూ 2023లో ఇలాగే 30 ఏళ్లకు ₹7,380 కోట్లకు ఇచ్చారు. ప్రతిపక్షం అమ్మకమంది, ప్రభుత్వం లీజంది. తర్వాత ప్రతిపక్షమే ప్రభుత్వమై దర్యాప్తు ప్రకటించింది. ఆ చర్చ అంతటా టోలు గేట్లు పాటించిన నిష్పాక్షికత మెచ్చుకోదగినది.

వివేచనాపరులు గమనించవలసిన చిన్న సాంకేతికాంశం ఒకటుంది. ఏ పద్ధతి తీసుకున్నా ఒప్పందం మీద సంతకమైన మర్నాడు పని ఒకే చోట ఆగుతుంది. భూమి మొత్తం చేతికి రాదు, గుడి పక్కకు జరగదు, కరెంటు స్తంభం మార్చడానికి ఏ శాఖ డబ్బు కట్టాలో తేలదు. ఆ ఆలస్యానికి కాంట్రాక్టరు క్లెయిము వేస్తాడు, పంచాయితీ మధ్యవర్తుల దగ్గరికి వెళుతుంది. ఈలోగా పని చేతులు మారి చివరి సబ్ కాంట్రాక్టరుకు చేరుతుంది. రోలరు నడిపే మనిషి మాత్రం ఐటం రేటులోనూ హ్యామ్‌లోనూ ఆ మనిషే. తాను ఏ పద్ధతిలో ఉన్నాడో ఆయనకు ఎవరూ చెప్పలేదు. పద్ధతి మార్చడం ఒక్క ఉత్తర్వుతో అయిపోతుంది, స్తంభం మార్చాలంటే మూడు శాఖలు మాట్లాడుకోవాలి. అందుకే మనం పద్ధతులనే మారుస్తున్నాం.

ఇన్ని ఒప్పందాలలో ఎక్కడా సంతకం లేనివాడు బండి మీద వెళ్లేవాడు. ఆ లోటు తీర్చడానికి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. హ్యామ్ సూత్రాన్ని ప్రయాణికుడికీ వర్తింపజేయాలి. గుంతలో పడినప్పుడు వచ్చే నడుము నొప్పిలో 40 శాతాన్ని అతను అక్కడికక్కడే భరిస్తాడు. మిగిలిన 60 శాతాన్ని 15 ఏళ్లపాటు ఆరు నెలలకోసారి, వడ్డీతో సహా. ఆచరణలో ఇది ఇప్పటికే అమలవుతోంది కనుక మంత్రివర్గం ఆమోదముద్ర వేస్తే చాలు, టెండరు కూడా అక్కర్లేదు.