46 నిమిషాల ఘనవిజయం

పోయిన వారం మా ఆఫీసులో స్ఫూర్తి నింపడానికి ఒక ట్రెయినర్ గారు వచ్చారు. రెండు గంటల పాటు నింపారు. అందులో అరగంట, టొయోటా కారు రైలును ఓడించిన కథ. అప్పటి నుంచి నాకు నిద్ర పడితే ఒట్టు.

కథ అబద్ధమేం కాదు. 1948 ఆగస్టు 7న జపాన్‌లో నగోయా నుంచి ఒసాకాకు పందెం పెట్టారు. దూరం 235 కిలోమీటర్లు. ఒక వైపు ఎక్స్‌ప్రెస్ రైలు, ఇంకో వైపు 27 హార్స్‌పవర్ల టొయోపెట్ ఎస్ఏ. కారు 46 నిమిషాలు ముందే చేరింది. మరి చేరదా?

ఒక్కసారి ఆ పందేన్ని ఊహించుకోండి. కారు బయలుదేరింది, రైలూ బయలుదేరింది. కారు ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. రైలు పాపం, స్టేషన్ వస్తే ఆగాలి. ఒక ముసలమ్మ మూటతో దిగాలి. మూట తలుపులోంచి రాదు, కిటికీలోంచి అందించాలి. కింద ఎవరో పుణ్యాత్ముడు పట్టుకోవాలి. పట్టుకున్నాక, లోపల ఇంకో మూట ఉండిపోయిందని ఆవిడకు గుర్తు రావాలి. గార్డు ఈల నోట్లో పెట్టుకుని, ఊదాలా వద్దా అని చూస్తూ ఉంటాడు. ఈలోగా కారు రెండు ఊళ్లు దాటేసింది. ఆహా, ఏమి ఇంజినీరింగ్! న్యాయంగా అయితే కప్పు ఆ రెండో మూటకు ఇవ్వాలి.

ఇంతకీ రైలునే ఓడించిన ఆ మహా వాహనానికి తలుపులు రెండే. ఆ రోజుల్లో జపాన్‌లో కారు కొనేవాళ్లలో ఎక్కువ మంది టాక్సీల వాళ్లు. వెనక సీట్లోకి ప్యాసింజర్ ఎక్కాలంటే ముందు సీటు వంచి, నడుం అంతకన్నా వంచి దూరాలి. రైలుకు ఆ బాధ లేదనుకోండి. పేరు కోసం జనంలో పోటీ పెట్టి మరీ 'టొయోపెట్' అని ముద్దుగా పెట్టుకున్నారు. తీరా తయారైనవి 200 పైచిలుకు.

సరే, ఆ మూట సంగతికి వద్దాం. ఆనాటి రైళ్లలో జనం మూటల్లో ఏం మోసుకెళ్లేవారో ట్రెయినర్ గారికి తెలుసా? చిలగడదుంపలు, బియ్యం. యుద్ధంలో ఊళ్లు తగలబడిపోయి, రేషన్ చాలక, పట్నం ఆడవాళ్లు పెట్టెలో దాచుకున్న కిమోనోలు తీసుకుని పల్లెలకు పోయేవారు. అవి ఇచ్చి తిండిగింజలు తెచ్చుకునేవారు. దారిలో పోలీసుల కంట పడితే ఆ గింజలూ పోయేవి. అలాంటి జనాన్ని మోసే రైలు మీద పందెం గెలిచి చప్పట్లు కొట్టించుకోవడానికి సిగ్గుండాలి. 75 ఏళ్లు దాటినా ఆ చప్పట్లు మా చేత మళ్లీ కొట్టించడానికి ఇంకా ఎక్కువ సిగ్గుండాలి.

ట్రెయినర్ గారు ఎగరగొట్టిన స్లయిడ్ ఇంకోటుంది. పందెం గెలిచి రెండేళ్లు తిరక్కుండానే కంపెనీ చేతిలో డబ్బు ఆడలేదు. 1950లో దాదాపు 1,600 మందిని ఇంటికి పంపుతామంది. కార్మికులు సమ్మె కట్టారు. జూన్‌లో, కంపెనీ పెట్టిన కీచిరో టొయోడాయే ప్రెసిడెంట్ పదవి వదిలేశారు. ఆ నెలాఖర్లోనే కొరియాలో యుద్ధం మొదలైంది, అమెరికా సైన్యం ట్రక్కులకు ఆర్డర్లిచ్చింది, కంపెనీ గట్టెక్కింది. రైలును ఓడించిన కారు కాదు గట్టెక్కించింది. పక్క దేశంలో చస్తున్న జనం. పెట్టండి మరి ఆ స్లయిడ్, స్ఫూర్తి పొందుతాం.

చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అన్నారు. చెయ్యెత్తి, "సార్, రైల్లో ఎంతమంది ఉన్నారు? కార్లో ఎంతమంది?" అని అడిగాను.

ఆయన నవ్వి, వాచీ చూసుకుని, "టీ బ్రేక్" అన్నారు.