జాలీ బోయ్ దీవిపై విశాఖ వాసుల అభ్యంతరాలు

సముద్రాన్ని ఎలా వాడుకోవాలో విశాఖ వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆర్కే బీచిలో మురీ మిక్చరు తిని పొట్లం ఇసుకలోనే వదిలేస్తాం. యారాడలో స్పీకరు పెట్టి, కొండ దద్దరిల్లేలా పాటలు వింటాం. ఇంత అనుభవం ఉన్న జనం 1,200 కిలోమీటర్ల నీళ్లు దాటి అండమాన్‌లోని మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కుకు వెళితే, అక్కడ దక్కుతున్న మర్యాద ఏపాటిదో లోకానికి తెలియాలి.

ముందుగా బంగాళాఖాతం మీద ఫిర్యాదు. మన పోర్టు నుంచి శ్రీ విజయపురానికి, అదే మొన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్‌కి, ఓడ నెలకు ఒకటి అటూఇటూగా ఉంటుంది. ప్రయాణం రెండు రోజులు దాటుతుంది. వాంతుల మాత్ర ఓడ కదలడానికి గంట ముందే వేసుకోవాలి. తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే అది కూడా భోజనంతో పాటే తిరిగొస్తుంది. ఊపు తక్కువుండేది ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో. మనవాళ్లు గాలి కోసం, ఫొటో కోసం ముందు కొసకు పోయి నిలబడతారు. తప్పు మాత్రం సముద్రానిదే.

ఇక పార్కు. 1983లో 15 దీవుల్ని కలిపి 281 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ప్రకటించారు. చూపించేది మాత్రం ఒకటి! పొడి నెలల్లో జాలీ బోయ్, వానాకాలంలో రెడ్ స్కిన్. ఒకటి తెరిస్తే రెండోదానికి విశ్రాంతి. మన ఆఫీసుల్లో మనిషికే పది రోజుల సెలవు పుట్టదే, దీవికి ఆరు నెలలా? పగడం ప్రాణమున్న జీవమట. గుండ్రటి పగడపు బండ ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్పట, కాలు మోపితే చచ్చిపోతుందట. మధురవాడలో ఏడాదికి పది అంతస్తులు లేపే మనకు ఇంత నిదానం ఒంటబట్టదు.

పార్కుకు బోట్లు బయల్దేరే వండూర్ జెట్టీలో సంచులు విప్పి చూస్తారు. ప్లాస్టిక్ ఏదున్నా అక్కడే ఆపేస్తారు, నీళ్ల సీసాకు డిపాజిట్ కట్టించుకుంటారు. ఖాళీ సీసా తిరిగి చూపిస్తేనే డబ్బు వెనక్కి. కవర్లో కట్టిన పులిహోరకు ప్రవేశం లేదు, స్టీలు క్యారేజీలో పెడితే ఉంది. దీవి మీద కొట్టు లేదు, టీ లేదు. దిగడానికి జెట్టీ కూడా లేదు. పెద్ద బోటు లోతులో ఆగితే చిన్న పడవలోకి మారి, మోకాళ్లు తడుపుకుంటూ ఒడ్డెక్కాలి. జీన్సు వేసుకెళ్లినవారు సాయంత్రం దాకా ఉప్పు జీన్సులోనే ఉంటారు.

అన్నిటికన్నా ఘోరం, రాత్రి బస నిషేధం. జాలీ బోయ్‌లో టెంటు వేస్తామంటే కుదరదు. అండమాన్‌లో ఎక్కడ వేసినా అధికారుల అనుమతి ఉన్న తీరంలోనే వేయాలి. సరే, వేశారనుకుందాం. మనవాళ్ల లెక్క ప్రకారం సూర్యాస్తమయం చూసి, టీ తాగి, ఆరున్నరకు టెంటు పని మొదలుపెట్టొచ్చు. గడియారం మనదే గానీ ఆ దీవులు బాగా తూర్పున ఉన్నాయి. డిసెంబరులో అయిదింటికే పొద్దు గూకుతుంది. చీకట్లో, టెంటుతో పాటు వచ్చిన జానెడు మేకులు ఇసుకలో దిగ్గొడతారు. అవి పచ్చిక నేల కోసం చేసినవి. పొడి ఇసుక వాటిని పట్టి ఉంచదు. ఈశాన్యం నుంచి గాలి లేస్తే టెంటు మనకన్నా ముందే దీవి వదిలి బయల్దేరుతుంది. గుడ్డ సంచిలో ఇసుక నింపి, టెంటు తాడు కట్టి, అడుగున్నర లోతున పాతి, పైన తొక్కితే నిలుస్తుంది. కానీ గోతులు తవ్వడానికా ఇంత దూరం వచ్చింది?

చోటు ఎంపికలోనూ మన ప్రతిభ తక్కువది కాదు. నీళ్లకు దగ్గరగా, చదునుగా, తడితడిగా ఉన్నచోటే నచ్చుతుంది. ఎండిన నాచు గీతలా పేరుకున్న చోటు దాకా నిన్నటి పోటు వచ్చిందన్నమాట. పున్నమికీ అమావాస్యకీ ఇంకా పైకొస్తుంది. వెన్నెల కోసం మనం వెళ్లేదేమో పున్నమికే. గీతకు బాగా పైన వేయాలి, అలాగని కొబ్బరిచెట్టు కిందా కాదు. మడ అడవి పాయలు కలిసే చోట చేపలు కడిగి పాత్రలు తోమడం ఉప్పునీటి మొసలికి పిలుపు. ఇసుక ఈగలు తెల్లవారుజామున, సందెవేళ కుడతాయి. గాలి ఉంటే ఎగరలేవు. కొబ్బరినూనె మందంగా పట్టించాలి, గోకకూడదు. గోకితే పుండు. దీని మీద మున్సిపాలిటీ వాళ్లకు ఫోన్ చేసినా దోమల పొగ బండి రాదు.

నీళ్ల లెక్క: తాగడానికే మనిషికి రోజుకు 4 లీటర్లు. నలుగురికి రెండు రోజులంటే 32. వంటకు వేరే. విమానంలో గ్యాసు డబ్బా తేనివ్వరు, అడవిలో కట్టె కొట్టనివ్వరు. అంటే అటుకులూ అరటిపళ్లే. బిర్యానీ ఆర్డరు పెడదామంటే సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకండి.

పోనీ గుర్తుగా ఒక పగడపు ముక్క? చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినదైనా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. విమానాశ్రయంలో స్కానరు పట్టేస్తుంది. "భీమిలిలో ఏరుకుంటే ఎవరూ అడగలేదండీ" అన్న వాదన అక్కడ చెల్లదు.

ఇవన్నీ చదివి, స్టీలు క్యారేజీ కొని, మాత్రలు వేళకు వేసుకుని, ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే లేచి వండూర్ చేరాక తెలిసే సంగతి ఒకటుంది. సోమవారం పార్కు మూసేస్తారు.