స్కానింగ్ చీటీ మీద ఒక్క లైను రాయించుకోండి

అమలాపురంలో అయినా, భీమవరంలో అయినా, కాకినాడ పెద్దాసుపత్రిలో అయినా స్కానింగ్ గదికొచ్చే చాలా చీటీల మీద ఉండేది రెండే ముక్కలు. "సీటీ బ్రెయిన్". "ఎమ్మారై ఎల్ఎస్ స్పైన్". అంటే తలకి సీటీ, నడుం వెన్నెముకకి ఎమ్మారై. ఎందుకు తీయాలో ఉండదు. నొప్పి ఎన్నాళ్ల నుంచో, ఏ పక్కనో, పాత ఆపరేషన్ ఏమైనా ఉందో, ఏదీ ఉండదు. వేలకు వేలు పోసి తీయించుకునే పరీక్షకి ప్రశ్నే రాయకపోతే జవాబు ఎక్కడినుంచి వస్తుందండి?

స్కానింగ్ బొమ్మలు చూసి రిపోర్టు రాసే డాక్టరు, అంటే రేడియాలజిస్టు ముందుకి చాలాసార్లు మనిషి రాడు, బొమ్మలే వస్తాయి. అవీ వందల్లో ఉంటాయి. "ఎడమకాలు పిక్క పక్కనుంచి పాదం దాకా లాగుతోంది, బొటనవేలు పైకి ఎత్తలేకపోతున్నాడు" అని చీటీలో ఉంటే ఆయన చూపు నేరుగా నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 డిస్కు (ఆ రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) దగ్గర ఎడమపక్క నరం మీదకి వెళుతుంది. ఆ లైను లేకపోతే మూడు డిస్కులు ఉబ్బాయని రిపోర్టు వస్తుంది, ఇంటిల్లిపాదీ హడలిపోతారు. నడుం నొప్పే ఎరగనివాళ్లకి ఎమ్మారై తీసినా ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనబడుతుంది. ఉబ్బు కనబడినంత మాత్రాన నొప్పి దానివల్లే అనుకోకూడదు. అందుకే డాక్టరుగారిని మొహమాటపడకుండా అడగండి: "దేనికోసం తీయిస్తున్నారో ఒక్క ముక్క రాయండి సార్". రాయకపోతే టెక్నీషియన్‌కి మీరే చెప్పండి.

పక్షవాతం కేసులో ఆ లైను అంటే టైమే. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, ఆ మనిషి ఆఖరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో రాసుకోండి. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డని కరిగించే ఇంజక్షన్ సాధారణంగా 4.5 గంటల లోపే ఇస్తారు. మొదట తీసే సీటీ ముఖ్యంగా రక్తస్రావం ఉందో లేదో చూడటానికి. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతంలో మొదటి గంటల్లో సీటీ నార్మల్‌గానే ఉండొచ్చు. "స్కానింగ్ బాగానే ఉందట" అని ఇంటికి తీసుకెళ్లిపోవడం ఘోరం. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటూ గంట పోగొట్టకండి. సీటీ, పక్షవాతం వైద్యం రాత్రీపగలూ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి.

ఇక కడుపు స్కానింగ్. పరగడుపున రమ్మంటే "టీ ఒక్కటే తాగామండి" అంటారు. ఆ టీలో పాలుంటాయి, పాలలో కొవ్వుంటుంది. అది లోపలికి వెళితే గాల్ బ్లాడర్ (పిత్తాశయం) ముడుచుకుపోతుంది, గోడ మందంగా కనబడుతుంది, చిన్న రాళ్లు దొరక్కుండా పోతాయి. కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు తాగొచ్చు, బీపీ మాత్ర వేసుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు పొద్దున్నే మొదటి నంబరు అడిగి తీసుకోవాలి, మాత్ర, ఇన్సులిన్ సంగతి డాక్టరుని ముందురోజే కనుక్కోవాలి. గర్భసంచి, ప్రొస్టేట్ చూడాలంటే గంట ముందు లీటరు నీళ్లు తాగి ఆపుకోవాలి. నిండిన మూత్రాశయం పేగుల్ని పైకి నెట్టి కిటికీలా దారిస్తుంది. పేగుల్లో గ్యాస్ అడ్డుంటే అల్ట్రాసౌండ్ దాటి వెళ్లలేదు.

మన రొయ్యల చెరువుల వైపు గట్టిగా పాతుకుపోయిన మాట ఒకటుంది: రొయ్యలు పడనివాళ్లకి సీటీలో బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే డై ఇంజక్షన్ పడదని, రెండిట్లోనూ అయోడిన్ ఉంటుంది కాబట్టి అని. తప్పండి. రొయ్యల ఎలర్జీకి కారణం వాటిలోని ప్రొటీను, అయోడిన్ కాదు. అసలు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి: ఇంతకుముందు డై పడకపోవడం, ఉబ్బసం, కిడ్నీ జబ్బు, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉంటే ఆ మాత్ర ఆపుతారు, 48 గంటల తరవాత కిడ్నీ పరీక్ష చూసి మళ్లీ మొదలుపెడతారు. ఇంజక్షన్ వెళ్లేటప్పుడు ఒళ్లంతా వేడెక్కడం, మూత్రం పడిపోయినట్టు అనిపించడం మామూలే. దురద, గొంతు పట్టేయడం మామూలు కాదు, వెంటనే అరిచి చెప్పాలి.

ఎమ్మారై అయస్కాంతం కరెంటు పోయినా పనిచేస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ సిలిండర్ గదిలోకి తెస్తే గాల్లో లేచి మిషన్లోకి దూసుకెళుతుంది, మధ్యలో మనిషి ఉంటే ప్రాణం పోతుంది. ఆడవాళ్లు సూత్రాల గొలుసుకి తగిలించుకునే పిన్నీసులు, మగవాళ్ల మొలతాడు తాయెత్తు, కాలి మెట్టెలు అన్నీ తీయాలి. మెడ బోసిగా ఉంచడానికి మనసొప్పకపోతే పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు వేసుకుని రండి, దానితో ఇబ్బంది లేదు. రైస్ మిల్లుల్లో, లేత్ షాపుల్లో గ్రైండింగ్ చేసేవాళ్లు ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడి ఉంటే తప్పక చెప్పాలి. అది లోపలే ఉండిపోయి కదిలితే చూపు పోతుంది. ముందు కంటికి ఎక్స్‌రే తీసి చూస్తారు. పేస్‌మేకర్, మెదడులో రక్తనాళానికి వేసిన క్లిప్పు ఉంటే దాని కార్డు తేవాలి.

రేడియేషన్ భయం కూడా తలకిందులుగా ఉంది. ఛాతీ ఎక్స్‌రేలో పడేది సుమారు 0.1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ కొలత), ప్రకృతిలో ఎటూ పది రోజుల్లో పడేంత. దానికి భయపడతారు. కడుపు సీటీలో దానికి డెబ్బై ఎనభై రెట్లు పడుతుంది, అది మాత్రం ఊరు మారినప్పుడల్లా మళ్లీ తీయించుకుంటారు. అల్ట్రాసౌండ్‌లో, ఎమ్మారైలో ఎక్స్‌రే రేడియేషనే లేదు. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నా ఎక్స్‌రే, సీటీలకి ముందే చెప్పాలి.

మళ్లీ తీయాల్సిన అవసరం రాకుండా ఉండాలంటే సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ము మీద ఏరిన కొన్ని బొమ్మలే ఉంటాయి, సీడీలో అన్నీ ఉంటాయి. ఫిల్ముని ట్యూబ్‌లైటుకి పెట్టి ఫోన్‌లో ఫొటో తీసి పంపితే చిన్న మచ్చలు కనబడకుండా పోతాయి. సీడీని పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించుకోండి, వరదొచ్చే లంక ఊళ్లలో మరీ ముఖ్యం. అల్ట్రాసౌండ్ కాగితం బొమ్మలకి మాత్రం లామినేషన్ చేయించకండి. అది వేడికి నల్లబడే కాగితం, లామినేషన్ మిషన్లోంచి నల్లటి అట్టై బయటికొస్తుంది. తీయించిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి.