రెండో బ్రేకు

46 ఏళ్ల వయసులో కారు నేర్చుకోవాలనుకోవడం, మా వీధి చివరి డ్రైవింగ్ స్కూలుకు డబ్బు కట్టడం, 15 రోజుల శిక్షణ, లైసెన్సు అన్నీ అయిపోయాయి. “ఇంక మీకు భయం లేదండీ” అని గురువుగారు ప్రకటించారు కూడా. ఆ ధైర్యంతోనే నిన్న సాయంత్రం మా ఆవిడను బీచ్ రోడ్డుకు తీసుకువెళ్లి, తిరిగి వస్తూ పాండురంగాపురం డౌన్ ఎక్కడం మొదలుపెట్టాను. విశాఖపట్నంలో ఈ ‘డౌన్’ అనే పేరు దిగేవాళ్లెవరో పెట్టి ఉండాలి. ఎక్కేవాడికి అది ఏ కోశానా డౌన్ కాదు.

సరిగ్గా సగం ఎక్కులో ముందున్న వ్యాను ఆగింది. నేనూ ఆగాను, నాతోపాటు ఇంజనూ ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేసి బ్రేకు మీద నుంచి కాలు తీయగానే కారు జానెడు వెనక్కి జారింది. వెనక ఆటో డ్రైవరు హారన్ మీద పెట్టిన చెయ్యి ఇక తీయలేదు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, క్లచ్ మెల్లగా వదులుతూ, బండి సన్నగా వణకగానే యాక్సిలరేటర్ ఇచ్చి హ్యాండ్ బ్రేకు దించాలన్న సూత్రం నాకు కంఠతా వచ్చు. కాకపోతే ఆ క్షణంలో వణుకుతున్నది బండో, నా మోకాలో తేల్చుకోలేకపోయాను. “ఏమండీ, మీరు తొక్కుతున్నది క్లచ్చేనా?” అని మా ఆవిడ ఎంతో మర్యాదగా అడిగింది.

శిక్షణలో ఇదే ఎక్కును అవలీలగా ఎక్కానే అనుకుంటూ ఆమె కాళ్ల వైపు చూసినప్పుడు నాకు జ్ఞానోదయమైంది. స్కూలు కారులో ఆ చోట ఇంకో క్లచ్చూ, ఇంకో బ్రేకూ ఉండేవి. ఫోనులో ఎవరితోనో బాకీల గురించి మాట్లాడుతూ, మధ్యమధ్య నాకు “సూపరండీ” అని చెబుతూ, ఆ 15 రోజులూ కారు నడిపింది ఆ మహానుభావుడే. నేను స్టీరింగు పట్టుకున్న ప్రయాణికుణ్ణి. అందుకు రుసుము మాత్రం నా దగ్గరే తీసుకున్నాడు.

ఇంతలో పక్కనున్న కొబ్బరి బొండాల మనిషి నిదానంగా వచ్చి, వెనక చక్రం కింద ఒక పచ్చి బొండం దూర్చి, “ఇప్పుడు లేపండి బాబూ” అన్నాడు. కారు కదిలింది. పైకెక్కి, ఓ పక్కగా ఆపి, కృతజ్ఞతలు చెప్పడానికి నడిచి వెనక్కి వస్తే, ఆయన ఆ బొండాన్నే చెక్కి, స్ట్రా వేసి, నా చేతికిచ్చి 40 రూపాయలు అడిగాడు.