గోతికుంగరం

నిశ్చయతాంబూలాల పళ్లెంలో ఏమేం ఉండాలో నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ములు, కొబ్బరికాయ, అరటిపళ్లు, చీర, రవికెల గుడ్డ. మొన్న అనకాపల్లిలో మా మేనకోడలి నిశ్చితార్థంలో వీటన్నిటి నడుమ, సరిగ్గా పసుపుకొమ్ముల పక్కన, ఒక శవపెట్టె కనబడింది.

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. నల్ల మఖమల్ తొడుగు. భుజాల దగ్గర వెడల్పు, కాళ్ల దగ్గర సన్నం. కొలతల్లో ఏ లోపమూ లేదు. మూత తీస్తే ఎర్రటి శాటిన్ పరుపు మీద ఉంగరం వెల్లకిలా పడుకుని ఉంది. నల్లటి వెండి. రాయికి అటొక గబ్బిలం, ఇటొక గబ్బిలం, రెక్కలు చాచి పట్టుకున్నాయి. దానికింద ఆవగింజంత పుర్రె. పుర్రె కళ్లలో కూడా రాళ్లు పొదిగారు. ఖర్చుకు వెనకాడలేదన్నమాట.

మా అమ్మకి ఎనభై రెండేళ్లు. కళ్లజోడు సర్దుకుని పెట్టెలోకి తొంగిచూసి, "ఏటర్రా ఇది? గబ్బిలాయిలేటి?" అంది.

"గోతిక్ ఉంగరం అమ్మమ్మా."

"గోతికేటే?"

"గోతికి కాదు అమ్మమ్మా, గోతిక్."

"అదేనే. గోతికి ఉంగరమెందుకే?"

వ్యాకరణం మా అమ్మ పక్షానే ఉంది. 'గోతికుంగరం' అన్న మాట విడదీయమంటే న్యూజెర్సీలో ఉండే మా కాబోయే అల్లుడు గోతిక్ + ఉంగరం అంటాడు. మాకు చదువు చెప్పిన తెలుగు మాస్టారు గోతికి + ఉంగరం అంటారు. ఏమ్యాదుల ఇత్తునకు సంధి వైకల్పికం. అంటే చేస్తే చెయ్యొచ్చు, మానితే మానొచ్చు. ఆ మాటకొస్తే నిశ్చితార్థంలో ఉంగరం కూడా నిన్నమొన్నటిదాకా మన ఇళ్లలో వైకల్పికమే. తాంబూలాలు పుచ్చుకుంటే మాట అయిపోయేది. ఇప్పుడు తాంబూలాలు వైకల్పికం, ఉంగరం నిత్యం, గబ్బిలం ఆగమం.

"దీన్ని డార్క్ రొమాన్స్ అంటారు అంకుల్," అని అబ్బాయి నాకు ఓపిగ్గా చెప్పాడు. ప్రేమ చావును కూడా దాటి ఉంటుందని దాని భావమట. తాంబూలాలే ఇంకా కాలేదు, అప్పుడే చావు దాకా వెళ్లిపోయాడు.

ఊరికే వెక్కిరించడం నా పద్ధతి కాదు కనుక పుస్తకాలు తిరగేశాను. గోథ్‌లు ఒకప్పటి జర్మానిక్ తెగ. క్రీ.శ. 410లో అలారిక్ అనేవాడి వెంట వచ్చి రోమ్ నగరాన్ని మూడు రోజులు దోచుకున్నారు. వాళ్లు పోయిన ఎన్నో వందల ఏళ్లకి ఇటలీ పండితులు తమకు నచ్చని సూదిమొన కమానుల చర్చిలను చూసి, ఛీ, గోథ్‌ల తీరు అని ఈసడించారు. ఆ చర్చిలకీ గోథ్‌లకీ ఏ సంబంధమూ లేదు. తిట్టే పేరైపోయింది. 18వ శతాబ్దంలో ఆ తీరు పాడుబడ్డ కోటల్లో దయ్యాలు తిరిగే కథలు అల్లారు. 1861లో విక్టోరియా రాణి భర్త పోయాడు. 1901లో తాను పోయేదాకా ఆవిడ నలుపు విడవలేదు. రాణి కడితే జనం కట్టకుండా ఉంటారా? బొగ్గుకు దగ్గరి చుట్టమైన జెట్ అనే నల్లరాయితో ఏడుపు నగలు చేయించుకున్నారు, చచ్చిపోయినవాళ్ల వెంట్రుకలు అల్లి ఉంగరాల్లో పెట్టుకున్నారు. రోమ్‌ను దోచినవాళ్ల పేరు, వితంతువు కట్టిన రంగు, దయ్యాల కొంప డిజైను. మూడూ కలిపి మా పిల్ల వేలికి, శుభమా అని.

గోతిక్ అంటే నాకు తెలిసింది మెదక్ చర్చి. 1924లో పూర్తయింది. కరువు రోజుల్లో పోస్నెట్ దొర జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించిన చర్చి. లోపల రంగుటద్దాల కిటికీలున్నాయి. బయట పొద్దు ఉన్నంతసేపే వాటి మీద బొమ్మలు. పొద్దు వాలితే ఆ రంగులు ఎక్కడికి పోతాయో పోతాయి. రంగులు మారే గోతిక్ కావలసినవాళ్లు మెదక్ బస్సెక్కితే సరిపోయేది. ఉంగరానికి పోసిన పద్దెనిమిది వందల డాలర్లు మిగిలేవి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉంగరాన్ని మొదట ఫంక్షన్ హాలు వరండాలో, ఎండలో, ఆడవాళ్లందరికీ చూపించారు. రాయి ఆకుపచ్చగా ఉంది. గబ్బిలాలు చూసి మొహం చిట్లించినా, "పచ్చ. బుధుడు. మంచిదే," అని వియ్యపురాలు సర్దుకుంది. పళ్లెం మా బావ చేతిలో పెట్టారు. బావ దాన్ని పురోహితుడి పక్కన పెట్టాడు. ముహూర్తానికి వీడియో అతను తన హాలోజన్ లైటు వెలిగించాడు. నుదుటి బొట్టు కరిగిపోయేంత వేడి దానిది. అబ్బాయి శవపెట్టె తెరిచాడు. లోపల రాయి దానిమ్మగింజలా ఎర్రగా ఉంది.

వియ్యపురాలు లేచి నిలబడింది. "మా ఉంగరం ఏదండీ?"

మేళం ఆగిపోయింది.

బావ జేబులు వెతికారు. రెండు విక్స్ బిళ్లలు, వంటవాళ్ల అడ్వాన్సు చీటీ దొరికాయి. పురోహితుడు అడక్కముందే తన సంచీ బోర్లించి, ఇక ఈ ఇంటి గుమ్మం తొక్కనన్నాడు. కాఫీలందించిన కుర్రాణ్ణి పిలిచి, నోరు తెరవమన్నారు. బావ పరువు పోయినట్టై, చేతిలో ఉంగరంతోనే వరండాలోకి వెళ్లి, పోలీసుల్లో తెలిసినవాళ్లకి ఫోను చేయబోతూ అరచెయ్యి చూసుకున్నాడు. పచ్చగా ఉంది. "దొరికింది! దొరికింది!" అని పరిగెత్తుకొచ్చి, స్టేజీ ఎక్కి, లైటు కింద గుప్పిట విప్పాడు. ఎరుపు. "చూశారా, మళ్లీ మార్చేశారు," అంది వియ్యపురాలు.

అప్పుడు పెళ్లికొడుకు పెదనాన్నగారు రంగంలోకి దిగారు. ఆయన రిటైరైన తహసీల్దారు. ఇది పంచనామా చేయవలసిన కేసని తేల్చారు. ఇరువైపుల నుంచీ ఒక్కో సాక్షి. ఉంగరం పళ్లెంలో పెట్టి, పళ్లెం తాను పట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూడమని సాక్షులకు చెప్పి, వరండా నుంచి స్టేజీకి నడిచారు. పిల్లల ఆంగ్లం నోటుపుస్తకంలో రాసిన ఆ నివేదిక నేను స్వయంగా చదివాను: "గుమ్మం దాటువరకు ఆకుపచ్చ. నాలుగవ వరుస కుర్చీల వద్ద రంగు నిర్ధారణ కాలేదు. స్టేజీ మెట్ల వద్ద ఎరుపు. మధ్యలో ఎవ్వరూ ముట్టలేదు. దొంగ కనబడలేదు." కింద ఇద్దరి సంతకాలు, తేదీ. ఒక సాక్షి రెప్ప వేశాడని రెండోవాడు అభ్యంతరం తెలపడంతో మళ్లీ మొదటి నుంచీ నడిచారు.

ఇంత జరుగుతుంటే అబ్బాయి ఏం చేస్తున్నాడని అడగొచ్చు. "కలర్ చేంజ్ అమ్మా, అది దాని గుణం," అని మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. నిశ్చితార్థంలో పెళ్లికొడుకు మాట ఎవరు వింటారు?

ఆ రాయి పేరు అలెగ్జాండ్రైట్. పచ్చకి పచ్చదనమిచ్చేది క్రోమియం, కెంపుకి ఎరుపునిచ్చేదీ క్రోమియమే. ఇందులోనూ అదే ఉంది, కానీ ఎటూ తేల్చుకోదు. పసుపు వెలుతురుని మింగేసి, ఆకుపచ్చకీ ఎరుపుకీ ఇంచుమించు సమానంగా దారి వదులుతుంది. పగటి వెలుతురులో ఆకుపచ్చ, నీలం పాళ్లు ఎక్కువ కాబట్టి పచ్చగా కనబడుతుంది. పాతకాలం బల్బులో ఎరుపు పాలు ఎక్కువ కాబట్టి ఎర్రగా. రాయి మారదు. ఎవరి వెలుతురులో ఉంటే వారి రంగు చూపిస్తుంది. (ఇక్కడ కండువాల ప్రస్తావన వస్తుందని ఎదురుచూసిన పాఠకులు క్షమించాలి. రాయికి పరువునష్టం కలిగించడం నా ఉద్దేశం కాదు.)

సిద్ధాంతిగారు పచ్చకి బుధశాంతి, ఎరుపుకి రవిశాంతి అని రెండు చీటీలు రాశారు. ఈ రాయి క్రిసోబెరిల్ జాతిది, వైడూర్యానికి తోబుట్టువని నేను నోరుజారాను. వైడూర్యం కేతువుది. మూడో చీటీ నా ఖాతాలో పడింది.

చివరికి తగువు తీర్చడానికి నర్సీపట్నం నుంచి వచ్చిన ఆచారిగారిని లేపారు. మా అమ్మ పుస్తెలు చేసిన ఇంటివారు. భోజనాల వరుస కోసం కుర్చీలో కునుకుతున్నారు. ఆయన ఉంగరాన్ని గోటితో గీరి, "నలుపు పూతే. ఏడాది అంట్లు తోమితే వెండి బయటపడుతుంది," అన్నారు. జేబులోంచి భూతద్దం తీసి కంట్లో ఇరికించుకుని, చాలాసేపు చూసి, "ఇంత శుభ్రమైన రాయి భూమిలో పుట్టదు బాబూ. మిషన్‌లో పండించింది," అన్నారు.

వియ్యపురాలి మొహం ఈసారి రాయిని మించి రంగు మారింది. అబ్బాయి మాత్రం తడుముకోలేదు. "అవునండీ, ల్యాబ్ రాయే. గనుల్లో మనుషులు చచ్చిపోతుంటారని కావాలనే ఇది తీసుకున్నాను."

అంతవరకూ ఈ కుర్రాడి మీద మనసులో రాసుకున్న వ్యాసం అక్కడ ఆగింది.

"ఏ గనులు బాబూ?" అన్నాను.

"రష్యా, బ్రెజిల్, శ్రీలంక..."

ఇంకోటి మిగిలింది బాబూ. నువ్వు కూర్చున్న ఈ హాలు నుంచి కారులో గంటన్నర. గొలుగొండ మండలం, కరక. 1990ల నుంచీ ఆ కొండల్లో, ఆ చుట్టుపక్కల ఏజెన్సీలో రంగురాళ్లు తవ్వుతున్నారు. వైడూర్యాలు, అలెగ్జాండ్రైట్లు. చాలామటుకు దొంగతవ్వకాలు. బావిలా నిలువునా దిగుతారు, రాళ్ల పొర తగిలాక అడ్డంగా దొలుచుకుంటూ పోతారు. పైమట్టికి దన్నుగా ఒక్క కర్ర ఉండదు. వానపడితే గోడ జారుతుంది. మర్నాడు పేపరు జిల్లా పేజీలో రెండంగుళాల వార్త: మట్టిపెళ్లలు విరిగిపడి ఫలానావాళ్లు మృతి. అక్రమ తవ్వకాలపై కఠిన చర్యలు తీసుకుంటామన్న అధికారులు.

ఎవరి మీదండీ చర్యలు? చచ్చినవాడి మీదా? వాడికి తాడిచ్చి దింపినవాడెవడు? పైన నిలబడి రాయి అందుకుని కారెక్కినవాడెవడు? కొండ దారిలో కాపలా. అయినా పలుగులూ పారలూ పైకి పోతాయి, రాళ్లు కిందికి వస్తాయి, ఎవరి కంటా పడవు! మా తహసీల్దారుగారి సాక్షులైనా నయం, రెప్ప వేసినందుకు మళ్లీ నడిచారు. ముప్పై ఏళ్లుగా వేసిన రెప్ప తెరవనివాళ్లని ఏమనాలి?

దొంగతనంగా తవ్విన రాయికి కాగితం ఉండదు. కాగితం లేని రాయికి ఊరుండదు. షోకేసు చేరేసరికి అలెగ్జాండ్రైట్ అనగానే రష్యా యువరాజు కథ ఎత్తుకుంటారు: 1830లలో ఉరల్ కొండల్లో పచ్చల గనుల్లో దొరికిందనీ, యువరాజు అలెగ్జాండర్ పేరు పెట్టారనీ. ఆ యువరాజు చక్రవర్తి అయ్యాడు, 1881లో బాంబు దెబ్బకి పోయాడు. ఆయన ఏ రోజు పోయాడో లోకమంతా రాసిపెట్టుకుంది. కరక గోతిలో పోయినవాడి పేరు మూడో రోజుకి వాడి మండలంలోనే ఎవరికీ గుర్తుండదు.

ఎవణ్ణీ చంపని రాయికేమో పుర్రె, గబ్బిలాలు, శవపెట్టె. మనిషిని మింగి పైకొచ్చిన రాయికేమో తామరపువ్వు డిజైను, హంస డిజైను, నెమలి డిజైను, పైన తరుగు. పుర్రెలు చెక్కే సరదా ఉంటే వాటికి చెక్కండయ్యా! చెక్కి షోకేసులో పెట్టండి, ఎంతమంది కొంటారో చూద్దాం.

ఇదంతా స్టేజీ మీదే అరిచానని మా అక్క తర్వాత చెప్పింది. నాకు గుర్తున్నది ఆచారిగారి గొంతు ఒక్కటే. ఆయన నాతో కాదు, అబ్బాయితో మాట్లాడుతున్నారు.

"మా కొట్టుకి తెచ్చేవాళ్లు బాబూ, బీడీకట్ట కాగితంలో చుట్టి. నీపాటి పిల్లలే. గోతిలో ఉండగానే బ్యాటరీ లైటు వేసి చూసేవాళ్లట. పచ్చరాయి ఎర్రగా తిరిగిందా, కిందినుంచి కేక పెట్టేవాళ్లు. పైన ఉన్నవాడు కేక కోసం కాచుకుని ఉండేవాడు. కేక రాకపోతే రాయి లేదనుకునేవాళ్లు." భూతద్దం పంచె అంచుతో తుడిచారు. "ఎక్కువసార్లు అదే."

మా అమ్మకి చెవులు సరిగా వినబడవు గానీ, వినవలసినవి వింటుంది. ఉంగరం పళ్లెంలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పింది.

"అయితే ఇది ఆ గోతిది కాదా?"

"కాదమ్మా."

"మరి పుర్రెందుకర్రా?"

ఎవరూ మాట్లాడలేదు. వీడియో అతను గొంతు సవరించుకుని, "సార్, ఇంకోసారి తొడగాలి," అన్నాడు. "వీడియోలో ఎర్రగా వచ్చింది, వరండాలో తీసిన ఫొటోల్లో పచ్చగా పడింది. రెండూ మ్యాచ్ కావాలని మేడం అంటున్నారు."