మా కెమెరాకు తరుగుదల కావలెను

ఈ దేశంలో జీతగాడికి పన్ను కోతలే తప్ప, ఖర్చులు చూపించి పన్ను తగ్గించుకునే క్లెయిములు లేవు. ఆ లోటు తీర్చుకోవాలనే మొన్న దీపావళికి పార్ట్‌టైం పెళ్ళి ఫోటోగ్రాఫర్‌నయ్యాను. 90,000 పెట్టి కెమెరా కొన్నాను. ఇంకా ఒక్క ఆర్డరూ రాకుండానే ‘వ్యాపార పరికరాలు’ అని ఎక్సెల్ షీటు తెరిచాను. మా ఆవిడ “ఆలు లేదు, చూలు లేదు” అని అందుకుంది. సోమలింగం దాకా రానివ్వలేదు.

షీటులో కెమెరా తర్వాత లెన్సు, ఆ తర్వాత సోఫా (కస్టమర్లు వస్తే కూర్చోవద్దూ?), పట్టుపంచె (యూనిఫాం) చేరాయి. మిక్సీకి కూడా ఏదో ఒక కారణం దొరక్కపోదు అనుకుంటుండగా ఆర్థిక సంవత్సరం అయిపోయింది.

ఆడిటరు గారు షీటంతా చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“కెమెరా ఖరీదంతా ఒకేసారి ఖర్చు కింద రాసేయడానికి లేదండీ. వాడే కొద్దీ విలువ తగ్గుతుందని ఏడాదికి 15 శాతం తరుగుదల రాసుకోవాలి, అంతే. మీరు కొన్నది దీపావళికి, అంటే 180 రోజుల కన్నా తక్కువ వాడారు. అందులో సగం. 6,750. దీంతో మీ పాప బర్త్‌డే తీశారా?”

“తీశాను. రెండొందల ఫోటోలు.” గర్వంగా చెప్పాను.

“అయితే సొంత వాడకం కింద ఇంకో సగం పోయింది. 3,375. లెన్సు?”

“కోఠిలో. 22,000, క్యాష్.”

“ఒక్కరోజులో పదివేలు దాటి క్యాష్ ఇస్తే అది లెక్కలోకి రాదు.” లెన్సు వరుసను అడ్డంగా కొట్టేశారు. సోఫా, పంచెల జోలికి మర్యాదగా వెళ్ళలేదు.

నా శ్లాబు 20 శాతం. సెస్సుతో కలిపి నాకు ఆదా అయ్యే పన్ను 702 రూపాయలు. పోనీ, వ్యాపారంలో నష్టం చూపించి జీతంలోంచి తగ్గిద్దామా అంటే చట్టం ఒప్పుకోదట. లాభమొస్తే జీతంతో ఉమ్మడి కాపురం, నష్టమొస్తే వేరు కాపురం.

నా మొహం చూసి జాలిపడి ఆయన ఇంకో దారి చెప్పారు. “ఫోటోల మీద మీకు వచ్చింది 40,000. అంతా ఫోన్‌పేలోనే కదా? అందులో 6 శాతం, అంటే 2,400 లాభమని చూపించి చిన్న వ్యాపారుల సులువు రిటర్ను, ఐటీఆర్-4 వేసేద్దాం. బిల్లులూ అక్కర్లేదు, పుస్తకాలూ అక్కర్లేదు. పన్ను అయిదొందలు కూడా దాటదు.”

“మరి నా కెమెరా తరుగుదల?”

“అది అందులోనే కలిసిపోయినట్టు లెక్క.”

చిల్లర మిగుల్చుకోవడానికా నేనీ వ్యాపారం పెట్టింది? పరికరం అన్నాక క్లెయిమ్ చేయాలి. ఫారంలో దానికంటూ ఒక గడి ఉండాలి, ఆ గడిలో నా అంకె ఉండాలి. వేలల్లో పన్ను ఎక్కువైనా సరే, తరుగుదలే కావాలని, ఖర్చులన్నీ విడివిడిగా చూపించే పెద్ద రిటర్ను ఐటీఆర్-3 వేయమని పట్టుబట్టాను. ఆయన కాసేపు నా వైపే చూసి, దానికి ఫీజు 3,000 అవుతుందన్నారు.

గుండె జారింది. అంతలోనే ఆయనే అన్నారు, “అదీ ఖర్చులో రాసుకోవచ్చు లెండి.”

ప్రాణం లేచొచ్చింది. “అయితే బిల్లు ఇవ్వండి సార్.”

“జీఎస్టీతోనా, లేకుండానా?”