కరణం గారి చిప్పుకి రెండే లైన్లు

1984లో ఎన్టీఆర్ రద్దు చేసింది ఊళ్లలో కరణాలనే, ఎంబెడెడ్ బోర్డుల (పరికరాల లోపల ఉండే సర్క్యూట్ బోర్డుల) మీద కరణాలను కాదు. కావాలంటే పెద్ద బోర్డులు తిప్పి చూడండి, చాలావాటిలో ఓ మూల చిన్న సీపీఎల్‌డీనో ఎఫ్‌పీజీఏనో (లోపలి లాజిక్‌ని మనమే రాసుకునే చిప్పు) ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంటుంది. ఎవరి రీసెట్ ఎప్పుడు వదలాలి, ఏ ఫ్లాష్ నుంచి బూట్ అవ్వాలి, ఏ ఎల్ఈడీ వెలగాలి, అన్నీ ఆయన చేతిలోనే. ప్రాసెసర్ పేరుకి మునసబు, కలం మాత్రం కరణం గారిది.

ఇంతటి పెద్దమనిషి గురించి డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏ చిప్పు ఎక్కడుందో లినక్స్ కెర్నెల్‌కి చెప్పే పట్టికలో, ఏం రాస్తాం? ఫ్రీస్కేల్ వాళ్ల ఎంపీసీ8360 ఎండీఎస్ బోర్డునే తీసుకోండి. అందులో బీసీఎస్ఆర్, అంటే బోర్డు కంట్రోల్ అండ్ స్టేటస్ రిజిస్టర్లు. బైండింగ్ (ఆ పట్టికలో ఏమేం రాయాలో చెప్పే నియమావళి) అడిగేవి రెండే, కంపాటిబుల్, రెగ్. అంటే పేరూ, ఇంటి నంబరూ. 32 కేబీ స్థలం, లోపల ఏ గదిలో ఏముందో మీకెందుకు? 9వ రిజిస్టర్లో ఒక బిట్టు దించి, 1000 మైక్రోసెకన్లు ఆగి, మళ్లీ ఎత్తితే ఈథర్నెట్ ఫై (నెట్‌వర్క్ కేబుల్‌తో మాట్లాడే చిప్పు) రీసెట్ అవుతుందన్న రహస్యం కెర్నెల్లో ఆ బోర్డు కోసం రాసిన సీ కోడ్ ఫైల్లో ఉండేది. డివైస్ ట్రీ వర్ణించాల్సింది హార్డ్‌వేర్‌ని, డ్రైవర్‌ని కాదు కదా, శాస్త్రం శాస్త్రమే.

ఇప్పుడు కాలం మారింది లెండి, బైండింగులు యామల్‌లో (ఖాళీలు కూడా లెక్కలోకి వచ్చే ఫైల్ ఫార్మాట్) రాస్తున్నాం. ఒక స్పేసు తక్కువైతే చెకర్ ఊరుకోదు. రీసెట్ పిన్ను యాక్టివ్-లో (సిగ్నల్ కిందికి దిగితే పనిచేసేది) అయితే మీరు తిరగేసి యాక్టివ్-హై అని రాయండి, చిరునవ్వుతో పాస్ చేస్తుంది. ఏదీ తేల్చుకోలేకపోతే సిస్కాన్ (ఉమ్మడి రిజిస్టర్ల గుంపు) అని ఒక మాట తగిలించండి, ఇక అది పోరంబోకు భూమి, ఏ డ్రైవరైనా వచ్చి నచ్చిన రిజిస్టర్లో రాసుకోవచ్చు.

మా ఆఫీసులో అడంగల్ అంతా, అంటే ఏ రిజిస్టర్లో ఏముందో, ఒక ఎక్సెల్ షీట్లో ఉంది. షీటు హార్డ్‌వేర్ ఇంజినీరు ల్యాప్‌టాప్‌లో ఉంది. ఇంజినీరు ఇంకో కంపెనీలో ఉన్నాడు. అయినా ధైర్యం చేసి మా బోర్డు బైండింగ్‌ని లినక్స్ వాళ్లకి పంపాను, ఎందుకంటే ఒకసారి లోపలికి వెళ్లిన పేరుని తర్వాత ఎవరూ కదపలేరు, పాత డీటీబీ (కంపైల్ చేసిన డివైస్ ట్రీ ఫైలు) కొత్త కెర్నెల్‌తో బూట్ అవ్వాల్సిందే, అంటే నా స్పెల్లింగ్ తప్పు కూడా శాశ్వతం. రివ్యూలో ఒకాయన "ఈ బోర్డు కంట్రోలర్ ఏం చేస్తుంది?" అని అడిగాడు. "బోర్డుని కంట్రోల్ చేస్తుంది" అని జవాబిచ్చాను. రెండు వారాలుగా ఉలుకూ పలుకూ లేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, మిగతా సగం కోసం చూస్తున్నా.